చక్రాల ఇంటికి పెట్రోలు కాడి

బరువు లాగాలంటే డీజిలే అన్న నమ్మకం మనకూ ఉంది, అమెరికాకూ ఉంది. ఏడాదికి కొన్ని వారాలు ట్రావెల్ ట్రైలరు కట్టుకుని బయల్దేరే కుటుంబం విషయంలో ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుంది? కొండదారి లెక్కలూ, డ్రైవరు తలుపు పక్కన అంటించిన చిన్న చీటీ ఏం చెబుతున్నాయి?

బరువు లాగే బండి అనగానే మన కళ్ల ముందు మెదిలేది డీజిలు బండే. లారీ, ట్రాక్టరు, ఆర్టీసీ బస్సు అన్నీ డీజిలు మీదే నడిచాయి. పెట్రోలు స్కూటరుకూ చిన్న కారుకూ అన్న లెక్క మనలో స్థిరపడిపోయింది. పెట్రోలును గ్యాస్ అని పిలిచే అమెరికాలోనూ ఇదే నమ్మకం బలంగా ఉంది. పడకలు, వంటగది, స్నానాలగది ఇమిడిన ట్రావెల్ ట్రైలరును పికప్ ట్రక్కు వెనక కట్టుకుని సెలవుల్లో ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కేన్యన్‌కో వెళ్లడం అక్కడి కుటుంబాలకు తరాల అలవాటు. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఆ దారి తెరిచే ఉంది. ట్రైలరు కొనాలన్న ఆలోచన రాగానే, లాగడానికి ఏ బండి అన్న ప్రశ్న వెంటే వస్తుంది. హెవీ డ్యూటీ పికప్ అయితే మేలు అని చెప్పినవాళ్లే, అందులోనూ డీజిలే తీసుకోమంటారు. ఆ ఒక్క మాటకు సుమారు 10,000 డాలర్లు అదనంగా పెట్టాలి. నా మాట ఏమిటంటే, మొదటి సలహా నూటికి నూరుపాళ్లూ నిజం, రెండోది చాలామందికి అనవసరం. కుటుంబాన్ని కాపాడేది హెవీ డ్యూటీ బండికున్న చట్రం, ఇరుసులు, బ్రేకులు. డీజిలు వాటిపైన ఇచ్చేది వేగం, సౌఖ్యం. ఆ రెంటికీ విలువ లేదనను. భద్రత పేరుతో వాటిని కొనిపించడమే తప్పు అంటున్నాను.

ముందు మోయాలి, తర్వాతే లాగాలి

ట్రైలరు బరువంతా దాని సొంత చక్రాల మీదే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండకూడదు. ట్రావెల్ ట్రైలరు బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద, అంటే ట్రక్కు వెనక భాగం మీద పడాలి. అంతకంటే తగ్గితే ట్రైలరు వేగంలో అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు పెరిగితే ట్రక్కును కూడా తనతో ఈడ్చుకుపోతుంది. ఇప్పుడు 8,000 పౌండ్ల ట్రైలరు తీసుకుందాం, మన లెక్కలో సుమారు 3,600 కిలోలు. కొక్కెం మీద పడేది 1,000 పౌండ్లు. నలుగురు మనుషులు 600. బరువును ఇరుసులకు సర్దే హిచ్ 100. వెనక తొట్టిలో జనరేటరు, సైకిళ్లు, సామాను 300. మొత్తం 2,000 పౌండ్లు ట్రక్కు మోయాలి. మామూలు పికప్పుల ప్రకటనల్లో 11,000 పౌండ్లు లాగుతుందన్న అంకె పెద్దగా కనిపిస్తుంది. అదే బండి డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో మనుషులూ సామానూ కలిపి 1,500, 1,800 పౌండ్లు దాటకూడదని రాసి ఉండటం సర్వసాధారణం. లాగే అంకె దగ్గరకైనా చేరకముందే మోసే అంకె నిండిపోతుంది. హెవీ డ్యూటీ బండి అవసరం అక్కడ మొదలవుతుంది.

ఇదే చీటీ డీజిలు విషయంలో ఒక వింత నిజం చెబుతుంది. హెవీ డ్యూటీ పికప్పుల్లో 250, 2500 అని పిలిచే తరగతిలో చాలా ట్రక్కులకు నిండు బరువు పరిమితి 10,000 పౌండ్లు. డీజిలు ఇంజిను, గాలిని ఒత్తి దాని లోపలికి పంపే టర్బో, దాన్ని చల్లబరిచే ఏర్పాటు, పొగను శుద్ధిచేసే పరికరాలు కలిసి పెట్రోలు ఇంజినుకంటే కొన్ని వందల పౌండ్లు ఎక్కువ తూగుతాయి. నిండు పరిమితి మారకుండా ఖాళీ బరువు పెరిగితే కోత పడేది మనుషులకూ సామానుకూ మిగిలిన వాటాలోనే. అందువల్ల ఈ తరగతిలో ఎక్కువ డబ్బు పెట్టి కొన్న డీజిలు ట్రక్కు పక్కనున్న పెట్రోలు ట్రక్కుకంటే చాలాసార్లు తక్కువ మోస్తుంది. ట్రావెల్ ట్రైలరు లాగేవారికి ముందు నిండేది మోసే వాటాయే కనుక ఈ నష్టం చిన్నది కాదు.

చేద చిన్నదైతేనేం

డీజిలు పక్షం వాదన టార్క్, అంటే ఇంజిను తిప్పే బలం, చుట్టూ తిరుగుతుంది. 2020 మోడల్‌తో ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కుల్లోకి వచ్చిన 7.3 లీటర్ల పెట్రోలు వి8 ఇంజిను టార్క్ 475 పౌండ్-అడుగులు. అదే కంపెనీ 6.7 లీటర్ల డీజిలు ఇంజినుది 1,000 పైమాటే. సగానికి సగం కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ కొండ ఎక్కించేది టార్క్ ఒక్కటే కాదు. టార్కూ ఇంజిను తిరిగే వేగమూ కలిస్తేనే పని జరిగే రేటు, అంటే హార్స్‌పవర్ వస్తుంది. నూతి నుంచి పెద్ద చేదతో నిదానంగా తోడినా, చిన్న చేదతో గబగబా తోడినా తొట్టి ఒకే వేళకు నింపవచ్చు. ఆ పెట్రోలు ఇంజిను నిమిషానికి 5,500 చుట్ల దగ్గర 430 హార్స్‌పవర్ ఇస్తుంది. డీజిలుది 475. టార్కులో రెట్టింపు దాటిన తేడా పనిలో పదో వంతుకు దిగివచ్చింది. మిగతా సర్దుబాటు 10 గేర్ల పెట్టె చేస్తుంది. ఎక్కుడులో పెట్రోలు ఇంజిను 4,500, 5,000 చుట్లకు లేచి గట్టిగా మోగుతుంది. ఆ మోత విని ఇంజిను పాడైపోతుందేమోనని భయపడేవారు ఉన్నారు. ఆ వేగంలో తిరగడానికే దాన్ని తయారుచేశారు. మోత చెవికి ఇబ్బంది, ఇంజినుకు కాదు.

కొండ మీద లెక్క కట్టి చూద్దాం. ట్రక్కూ ట్రైలరూ కలిపి 16,000 పౌండ్లు, వంద అడుగులకు ఆరడుగులు లేచే ఎక్కుడు, గంటకు 55 మైళ్ల వేగం అనుకుందాం. బరువును పైకెత్తడానికి 141 హార్స్‌పవర్ కావాలి. గోడలా నిలబడ్డ ట్రైలరు గాలిని చీల్చడానికి సుమారు 70, టైర్ల దొర్లుడుకు మరో 23. గేర్లలో, ఇరుసుల్లో పోయేది కలుపుకుంటే ఇంజిను ఇవ్వాల్సింది సుమారు 280. ఉన్నది 430. ఇది నా కాగితం లెక్కే. అయితే లాగుడు సామర్థ్యాన్ని కొలవడానికి వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం పెట్టింది. దాని ప్రకారం ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర నుంచి 11.4 మైళ్ల కొండదారి ఎక్కాలి. బయట ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకూడదు, ఏసీ పూర్తిగా నడుస్తుండాలి, వెనక ఒంటి చక్రాలున్న పికప్ వేగం గంటకు 40 మైళ్లకంటే తగ్గకూడదు. ఈ ప్రమాణాన్ని పాటించే కంపెనీ తన పెట్రోలు ట్రక్కుకు ఇచ్చే లాగుడు అంకె ఈ పరీక్షకు నిలిచినదే.

ఎత్తులో, దిగుడులో

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. టర్బో లేని పెట్రోలు ఇంజిను ఎత్తుకు పోయేకొద్దీ ఊపిరాడక నీరసిస్తుంది. ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం శక్తి పోతుంది. కొలరాడోలో ఐ-70 రహదారి మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తున ఉంది. అక్కడికి చేరేసరికి 430 కాస్తా 290కి పడిపోతుంది. టర్బో ఉన్న డీజిలు ఇంత నష్టపోదు. ఇది కాదనలేని నిజం. అయితే ఆ ఎత్తున గాలి కూడా పలచబడుతుంది కనుక ట్రైలరును అడ్డుకునే బలం తగ్గుతుంది. పై లెక్కలోని ఆరు శాతం ఎక్కుడుకు అక్కడ కావాల్సింది 255 దగ్గరికి దిగుతుంది. మిగులు తక్కువే, కానీ మిగులే. వాలు ఇంకా నిటారుగా ఉంటే 45 మైళ్లకు తగ్గి కుడి వరుసలో లారీలతోపాటు ఎక్కాలి. నష్టం కొన్ని నిమిషాలు. పైగా ట్రైలర్లకు వేసే టైర్లలో చాలావాటిని 65 మైళ్ల వేగానికే రూపొందించారు. ఏ వేగంలో కొండ ఎక్కగలమన్న గర్వానికి ఆ టైర్లే హద్దు గీస్తాయి.

దిగుడు ఇంకా గంభీరమైన విషయం, ఎందుకంటే ప్రాణాలు పోయేది అక్కడ. డీజిలు ట్రక్కుల్లో ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటుంది. పొగ బయటికి పోయే దారిని బిగించి ఇంజినుతోనే బండిని నిలువరిస్తుంది. పెట్రోలు ఇంజిను ఇచ్చే పట్టుకంటే ఇది గట్టిది. నిత్యం కొండల్లో తిరిగేవారు దీనికోసమే డీజిలు కొంటే నేను కాదనను. కానీ 16,000 పౌండ్ల జోడీకి ఎంత పట్టు కావాలో చూడాలి. అదే ఆరు శాతం వాలులో 55 మైళ్ల వేగాన దిగేటప్పుడు బరువు 141 హార్స్‌పవర్‌తో ముందుకు తోస్తుంటే, గాలీ టైర్లూ కలిసి సగానికి పైగా తామే ఆపేస్తాయి. మిగిలేది 45 నుంచి 65. లాగుడుకు తగ్గట్టు గేర్లను సర్దే టో-హాల్ మీట నొక్కి గేర్లు దించి, ఇంజినును 4,500 చుట్ల దగ్గర తిరగనిస్తే ఇంత పెద్ద పెట్రోలు ఇంజిను ఆ భారాన్ని మోస్తుంది. ట్రైలరు చక్రాలకు సొంత విద్యుత్ బ్రేకులు ఉండనే ఉంటాయి. మన ఘాట్ రోడ్ల మీద లారీ నడిపేవారికి ఇది కొత్త పాఠం కాదు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అన్నది వాళ్ల ఓనమాలు. వేగం పెరిగాక బ్రేకు తొక్కడం కాదు, పెరగకముందే గేరు దించడం భద్రత. ఆ అలవాటు లేని డ్రైవరును ఏ ఇంజినూ కాపాడలేదు.

పది వేలు ఎప్పుడు తిరిగొస్తాయి

ఇంధనంలో ఆదా అవుతుంది కదా అంటారు. ఒక ఉదాహరణ వేద్దాం. ఏడాదికి 5,000 మైళ్లు ట్రైలరు లాగే కుటుంబం, గ్యాలనుకు పెట్రోలు బండి 9 మైళ్లు, డీజిలు బండి 12 మైళ్లు. పెట్రోలు 3.20 డాలర్లు, డీజిలు 3.80 అనుకుంటే మొదటి ఖర్చు సుమారు 1,780, రెండోది 1,580. ఏడాదికి మిగిలేది 200 డాలర్లు. పది వేలు తిరిగి రావడానికి 50 ఏళ్లు పడుతుంది. ట్రైలరు లేకుండా తిరిగే మైళ్లు కలిపినా పది వేలు త్వరగా తిరిగిరావు. దీనికి తోడు ఇప్పటి డీజిలు బండికి పొగను శుద్ధిచేసే డీఈఎఫ్ అనే ద్రవం పోస్తూ ఉండాలి. అది మైనస్ 11 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. మసిని పట్టే ఫిల్టరు శుభ్రపడాలంటే ఇంజిను బాగా వేడెక్కేంత దూరం నడవాలి. వారమంతా పిల్లల బడికీ కూరగాయల కొట్టుకూ మాత్రమే తిరిగే బండికి అదే కుదరదు. డీజిలు బండికి మారుబేరంలో ఎక్కువ ధర వస్తుందన్నది నిజమే. కానీ ముందు పెట్టిన అదనం సాధారణంగా మొత్తం రాదు. అప్పు తీసుకుని కొంటే ఆ అదనానికీ వడ్డీ కడుతూనే ఉండాలి.

పెట్రోలు బండితో ఇబ్బందులు లేవని చెబితే పాఠకులకు అన్యాయం చేసినట్టే. 34 గ్యాలన్ల ట్యాంకు గ్యాలనుకు 9 మైళ్ల చొప్పున 300 మైళ్లు మాత్రమే ఇస్తుంది. ఎదురుగాలి వీస్తే అదీ ఉండదు. పొడవాటి ట్రైలరుతో ఇరుకు పెట్రోలు బంకులో తిరగడం కష్టం. డీజిలు బండి లారీల వరుసలోకి హాయిగా వెళ్లిపోతుంది. ట్రక్కు తొట్టిలోని కొక్కేనికి తగిలించే 15,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ట్రైలరు లాగేవారికి, ఏడాది పొడవునా ట్రైలరులోనే కాపురముండేవారికి, రాకీ పర్వతాల్లోనే ఇల్లున్నవారికి డీజిలు తగిన ఎంపికే. పై లెక్కలో మైళ్లు ఆరింతలు చేస్తే పది వేలు తొమ్మిదేళ్లలోపే తిరిగొస్తాయి. వాళ్ల అవసరం వేరు. సమస్యంతా వాళ్లకు సరిపడే సలహాను అందరికీ పంచడంలో ఉంది.

ఈ సలహా వల్ల జరిగే నష్టం డబ్బుతో ఆగదు. పది వేలు ఇంజినుకు పెట్టిన కుటుంబం ఇక భద్రత కొనేశామనుకుని ధీమాగా ఉంటుంది. మంచి హిచ్‌కూ, కొత్త ట్రైలరు టైర్లకూ, బ్రేకుల సర్దుబాటుకూ చేయి ముడుచుకుంటుంది. అందుకే షోరూములో టార్క్ అంకె అడిగే ముందు డ్రైవరు తలుపు తెరిచి ఆ చీటీ చదవండి. ట్రైలరు కొన్నాక మంచినీళ్లు, వంటసామాను, పిల్లలు అందరితో కలిపి హైవే పక్కన లారీలు తూకం వేసే కాటా మీదికి ఒకసారి ఎక్కించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలరు దేని బరువు దానికి కాగితం మీద అచ్చయి చేతికొస్తుంది. ఆ అంకెలు చీటీలోని హద్దుల్లో ఉంటే, ఎక్కుడులో ఇంజిను ఎంత మోగినా కంగారు పడాల్సింది లేదు. హద్దు దాటితే, ఎంత నిశ్శబ్దంగా ఎక్కే డీజిలైనా ఆ ప్రయాణానికి పనికిరాదు.