బోల్తా పడిన కారును చూపించి వదిలేస్తే ఎలా?

టూరింగ్ కార్ రేసు నాకెందుకిష్టమంటే, అందులో ఉరికేది బోధన్ రోడ్డు మీద రోజూ కనబడే కారే. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద ఏళ్ల తరబడి పోటీపడ్డవి మారుతి ఎస్టీమ్‌లు, హోండా సిటీలు, ఫోక్స్‌వ్యాగన్ పోలోలు. బ్రిటన్‌లో ఈ తరహా చాంపియన్‌షిప్ 1958లోనే మొదలైంది. ఈ కార్లు డోర్లు రాసుకుంటూ, బంపర్లు తగిలించుకుంటూ మలుపు తిరుగుతాయి. శనివారం మేకల సంత నాడు నవీపేట్‌లో ట్రాలీ ఆటోలు దూరినట్టే ఉంటుంది.

పైకి మన కారే గానీ లోపల అంతా వేరు. వెనక సీట్లు, కార్పెట్లు పీకేసి, ఉక్కు గొట్టాలతో పంజరం లాంటిది బాడీకి వెల్డింగ్ చేస్తారు. దాన్నే రోల్ కేజ్ అంటారు. కారు పల్టీలు కొట్టినా పైకప్పు నలిగి డ్రైవర్ మీద పడకుండా ఆపేది అదే. భుజాలు, నడుము, తొడల దగ్గర పట్టి ఉంచే బెల్టు ఉంటుంది. మెడ మీద హాన్స్ అనే కాలర్ ఉంటుంది. గుద్దుకున్నప్పుడు ఒళ్లు బెల్టుకు ఆగుతుంది, హెల్మెట్ బరువుతో తల మాత్రం ముందుకు దూసుకుపోతుంది. హెల్మెట్‌ను రెండు పట్టీలతో ఈ కాలర్‌కు కట్టేస్తే పుర్రె అడుగు విరిగే ముప్పు బాగా తగ్గుతుంది. అమెరికాలో 2001లో రేసు డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ ట్రాక్ మీద చనిపోయాకే దీన్ని అందరూ గట్టిగా పట్టించుకున్నారు. ఫార్ములా వన్‌లో 2003 నుంచి తప్పనిసరి.

ఇన్ని ఉన్నా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. 2023 జనవరి 8న ఇరుంగట్టుకోట్టైలోనే సెలూన్ కార్ల రేసులో 59 ఏళ్ల సీనియర్ డ్రైవర్ కె.ఇ. కుమార్ కారు మరో కారుకు తగిలి, ట్రాక్ దాటి, కంచెను గుద్ది తలకిందులైంది. రేసు ఆపేశారు, ఆసుపత్రికి తీసుకెళ్లారు, అయినా దక్కలేదు. ఆ రోజు మిగతా పోటీలు రద్దు చేశారు.

నా గొడవంతా ఇలాంటి వార్త మనదాకా వచ్చే తీరు మీదే. కారు బోల్తా పడ్డది పదిసార్లు తిప్పి తిప్పి చూపిస్తారు. కంచె ఎంత దూరంలో ఉంది, ట్రాక్ పక్కనుండే సహాయక సిబ్బంది, అంటే మార్షల్స్ ఎంతసేపట్లో చేరారు, డ్రైవర్‌ను మెడ కదలకుండా ఎట్లా బయటికి తీశారు అన్నది ఒక్కరూ చెప్పరు. అదే సంవత్సరం ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగింది. తెలుగు ఛానెళ్లలో నాకు కనబడ్డది ఎక్కువగా వచ్చిన ప్రముఖులు, ఆగిన ట్రాఫిక్. గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. జాగ్వార్ జట్టులో సామ్ బర్డ్ వెళ్లి సొంత జట్టువాడైన మిచ్ ఎవాన్స్‌నే గుద్దాడు, ఇద్దరి ఆటా ముగిసింది. దాదాపు 2.83 కిలోమీటర్ల ఆ వీధి ట్రాక్‌కు అటూ ఇటూ కాంక్రీటు గోడలు. గోడ దగ్గరగా ఉంటే భయమేస్తుంది గానీ, తిన్నటి దారిలో అదే మేలు: కారు ఎదురుగా ఢీకొట్టకుండా ఏటవాలుగా రాసుకుంటూ పోయి వేగం పోగొట్టుకుంటుంది. ఈ సంగతి ఒక్క నిమిషం చెబితే చూసేవాడికి ఆట ఇంకా రుచిగా ఉండేది. 2024లో ఆ రేసు హైదరాబాద్‌లో జరగనే లేదు.

ఇంకోసారి రేసు కారు కనబడితే ముందు అద్దం దగ్గర చూడండి. నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు ఉంటుంది. మార్షల్ బయటినుంచే కరెంటు ఆపేసే మీట అక్కడ ఉన్నట్టు. పక్కనే ఎర్ర అంచు గుండ్రంలో 'ఈ' అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే అది మంటలార్పే సిలిండర్‌ది. వ్యాఖ్యాతలు దాని పక్కనున్న స్పాన్సర్ పేరు మాత్రం చదువుతారు.

ఇవన్నీ విన్న కుర్రాళ్లు మన కారుకూ పంజరం పెట్టించుకుందామంటారు. వద్దు. హెల్మెట్ లేకుండా కూర్చుంటే ఆ గొట్టమే తల పగలగొడుతుంది. ముందు బంపర్‌కు బిగించే ఉక్కు గార్డూ అంతే. దెబ్బ తగిలితే నలిగి ఆ దెబ్బను తాను మింగాల్సిన ముందు భాగాన్ని నలగనీయదు, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్‌నూ తికమక పెట్టొచ్చు. 2017 డిసెంబరులో కేంద్రం ఈ గార్డులను వద్దన్నది. బాసర వైపు పోయే బండ్లకు అవి ఇప్పటికీ తళతళలాడుతూనే ఉన్నాయి.