వాక్‌మన్ ప్రాణం బెల్టులో

1979 జులై 1న సోనీ కంపెనీ జపాన్‌లో తన తొలి వాక్‌మన్‌ని, టీపీఎస్-ఎల్2 అనే నీలం, వెండి రంగుల చిన్న యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ధర 33,000 యెన్‌లు. క్యాసెట్ పాడుతుంది, అంతే. రికార్డింగ్ లేదు, స్పీకరూ లేదు. రికార్డు చెయ్యలేని టేపు మెషీన్ ఎవరు కొంటారని కంపెనీలోనే పెదవి విరిచినవాళ్లున్నారు. మొదటి విడత 30,000 ఆగస్టు చివరికల్లా చెల్లిపోయాయి.

సోనీ స్థాపకుల్లో ఒకరైన మసారు ఇబుకాకి విమాన ప్రయాణాల్లో స్టీరియో సంగీతం వినాలని కోరిక. విలేకరుల కోసం చేసిన ‘ప్రెస్‌మన్’ అనే మోనో రికార్డర్‌ని ఇంజినీర్లు విప్పి, రికార్డింగ్ భాగాలూ స్పీకరూ తీసేసి, ఆ చోట స్టీరియో సర్క్యూట్ అమర్చారు. ఇది కుర్రకారుకి పట్టే వస్తువని మరో స్థాపకుడు అకియో మోరితా పసిగట్టాడు. ఇద్దరు వినడానికి రెండు జాక్‌లు, పాట ఆపకుండానే పక్కవాళ్లతో మాట్లాడటానికి ఒక నారింజ రంగు బటనూ పెట్టారు. ఆ బటన్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఒంటరిగా వినే యంత్రం చేస్తూ పక్కనున్న మనిషిని మరిచిపోలేదు వాళ్లు.

యంత్రం లోపలి పనితనమంతా ఒక్కదానికే: టేపుని సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున, తడబడకుండా లాగడం. మోటారు తిరుగుతుంటే సన్నటి రబ్బరు బెల్టు ఆ తిప్పుడుని ఫ్లైవీల్‌కి అందిస్తుంది. ఫ్లైవీల్ ఇరుసే క్యాప్‌స్టన్ అనే ఉక్కు పుల్ల. రబ్బరు రోలర్ టేపుని దానికి అదిమిపట్టి నడిపిస్తుంది. వేగం ఆరు శాతం పెరిగిందా, ఒకటో శ్రుతిలో పాడినామె ఒకటిన్నరలో వినిపిస్తుంది.

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు, ఈ యంత్రం ప్రాణం ఆ బెల్టులో ఉంది. నలభై ఏళ్లు దాటినా లోహపు పెట్టె, మోటారు చాలావరకు బాగానే ఉంటాయి. బెల్టు మాత్రం సాగిపోతుంది, లేదా కరిగి నల్లటి బంకై చక్రాల గాడిలో అతుక్కుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో, గీతపడకుండా, ఓపిగ్గా తుడవాలి. గాడిలో కాస్త బంక మిగిలినా కొత్త బెల్టు అక్కడికొచ్చినప్పుడల్లా ఎగిరిపడుతుంది, పాట వణుకుతుంది.

బెల్టు బెడద లేని డిస్క్ డ్రైవ్ మోడళ్లూ 1982 నుంచి వచ్చాయి. వాటిలో మధ్యనుండే ప్లాస్టిక్ పళ్లచక్రం చిట్లి టిక్కుటిక్కుమంటుంది. 2010లో సోనీ జపాన్‌లో క్యాసెట్ వాక్‌మన్ల సరఫరా ఆపేసింది. అందుకే ఆ చక్రాలను సేకర్తలే కొత్తగా చేయించుకుంటున్నారు. నా దృష్టిలో ఇది కొనడం కన్నా గొప్ప పని.

టేపు మీది పాటని చదివే హెడ్డు జోలికి మాత్రం తొందరపడి పోకూడదు. 10,000 హెర్ట్జ్ ధ్వనికి టేపు మీద ఒక్కో అల పొడవు ఐదు మైక్రాన్లు కూడా ఉండదు. హెడ్డు వెంట్రుకవాసి వాలినా చాలు, తాళాల మోత మూగబోతుంది. హెడ్డు పక్కన రంగు చుక్క వేసిన చిన్న స్క్రూ ఉంటుంది. ఆ చుక్క చెదరకపోతే దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

చివరికి వేగం సరిచూడాలి. 3,000 హెర్ట్జ్ టెస్ట్ క్యాసెట్ పెట్టినప్పుడు మీటరు 3,060 చూపిస్తే వేగం రెండు శాతం ఎక్కువ. ఆ వేగాన్ని సన్నటి స్క్రూడ్రైవర్‌తో సర్దాలి. తర్వాత ఓ గంట ఆడనిచ్చి మళ్లీ కొలవాలి. కొత్త రబ్బరు సర్దుకునేకొద్దీ వేగం కాస్త మారుతుంది.