ఎదుటి జట్టు సైగను కనిపెడితే అది మోసమా?

వాలీబాల్ మ్యాచ్‌కి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది బంతినే చూస్తారు. ఈసారి పెదపాడు గ్రౌండ్‌కి వచ్చినప్పుడు, సర్వీసుకు ముందు సెట్టర్ చేతిని చూడండి. నెట్‌కి వీపు పెట్టి, తన జట్టువైపు తిరిగి, పొట్ట దగ్గర రెండు వేళ్లో మూడు వేళ్లో చూపిస్తాడు. ఈసారి బంతి ఎవరికి, ఎంత ఎత్తులో లేపుతాడో చెప్పే సైగ అది. బ్యాడ్మింటన్ డబుల్స్‌లో కూడా ఇంతే. సర్వీసు చేసేవాళ్లు చేతిని వెనక్కి పెట్టి, పొట్టి సర్వీసా, ఎత్తు సర్వీసా అన్నది జోడీకి వేళ్లతో చెబుతారు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ఆడే డబుల్స్ మ్యాచ్‌లు టీవీలో చూసే ఇళ్లలో పిల్లలకు ఈ సంగతి ముందే తెలిసి ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎదుటి సెట్టర్ ఒక్కోసారి చేతిని సరిగ్గా దాచుకోడు. మన బాబు నాలుగైదు పాయింట్లు గమనించి, రెండు వేళ్లు చూపిస్తే బంతి ఎడమకే పోతోందని కనిపెట్టి జట్టుకు చెప్పాడనుకోండి. ఇంటికొచ్చి మీకూ గొప్పగా చెప్పాడు. మెచ్చుకోవాలా, మందలించాలా?

మెచ్చుకోవాలనే మా అభిప్రాయం. పేకాట ఉదాహరణ స్కూలు పత్రికలో రాయకూడదేమో గానీ, అంతకంటే తేలికగా అర్థమయ్యేది దొరకలేదు. ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడో, ఏది పడేశాడో గుర్తుపెట్టుకోవడం ఆట. అతని వెనక అద్దం పెట్టి ముక్కలు చూడటం మోసం.

టెన్నిస్‌లో బోరిస్ బెకర్ సర్వీసు భయంకరంగా ఉండేది. మొదటి మూడు మ్యాచ్‌లూ అతని చేతిలో ఓడిన ఆండ్రీ అగస్సీ పాత వీడియోలు పదేపదే చూసి ఒక అలవాటు పట్టుకున్నాడు. సర్వీసుకు ముందు బెకర్ నాలుక బయటపెట్టేవాడు. అది పెదవుల మధ్యలో ఉందా, పక్కకు ఉందా అన్నదాన్ని బట్టి బంతి ఎటు వస్తుందో తెలిసిపోయేది. ఇక కష్టమల్లా ఈ సంగతి తనకు తెలుసని బెకర్‌కి తెలియకుండా ఆడటమే అంటాడు అగస్సీ. రిటైరయ్యాక స్వయంగా బెకర్‌కే చెప్పేశాడు.

మన క్రికెట్‌లోనూ ఉంది. 1999లో న్యూజిలాండ్ బౌలర్ క్రిస్ కెయిర్న్స్ రివర్స్ స్వింగ్ వేస్తూ బంతి మెరిసే వైపును చేత్తో కప్పేసేవాడు. నాన్‌స్ట్రైకర్‌గా నిలబడ్డ సచిన్ అది చూసి, తన బ్యాట్‌ను ఏ చేత్తో పట్టుకున్నాడన్న సైగతో ద్రవిడ్‌కి చెప్పేవాడు. కాసేపటికి కెయిర్న్స్‌కి అనుమానం వచ్చింది.

ఆ చివరి వాక్యమే మాకు ముఖ్యం. ఎందుకో చూడటానికి అమెరికా వెళ్లాలి.

అక్కడి ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఎత్తుగడలను కోచ్‌లు గీత బయట నుంచి చేతి సైగలతో పంపేవారు. 2007 సెప్టెంబరులో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ జట్టు మనిషి ఒకరు ఎదుటి కోచ్‌ల సైగలను మైదానం అంచు నుంచి కెమెరాతో తీస్తూ దొరికిపోయాడు. కోచ్ బిల్ బెలిచిక్‌కి 5 లక్షల డాలర్లు, జట్టుకు 2.5 లక్షల డాలర్లు జరిమానా పడింది. "అంతమంది జనం ముందు చేసే సైగ రహస్యం ఎలా అవుతుంది?" అని అభిమానులు వాదించారు. ఆ వాదనలో సగం నిజమే. సైగను కంటితో చదివినందుకు ఎవరూ శిక్షించలేదు. శిక్ష నిషేధించిన చోట నుంచి కెమెరా వాడినందుకు. మరుసటి ఏడాది నుంచి డిఫెన్స్ ఆటగాడి హెల్మెట్‌లోనూ రేడియో పెట్టుకోనిచ్చారు. సైగల అవసరమే తగ్గిపోయింది.

మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న హ్యూస్టన్‌లో ఇంకా పెద్ద గొడవ జరిగింది. అక్కడి బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్ 2017లో కెమెరాతో ఎదుటి క్యాచర్ సైగలు పట్టి, చెత్తడబ్బా మీద కొట్టి తమ బ్యాటర్‌కి చప్పుడుతో చెప్పేది. ఆ ఏడాది కప్పు కూడా గెలిచింది. 2020 జనవరిలో 50 లక్షల డాలర్ల జరిమానా పడింది. విచిత్రం ఏమిటంటే, అదే సైగను రెండో బేస్‌లో నిలబడ్డ ఆటగాడు తన కళ్లతో చదివితే ఏ తప్పూ లేదు.

తేడా ఎక్కడుంది? కంటితో చదివితే ఎదుటివాడికీ అవకాశం ఉంటుంది. కెయిర్న్స్‌లా అనుమానపడి సైగ మార్చుకోవచ్చు, చేయి బాగా దాచుకోవచ్చు. తెర వెనక కెమెరా ఉంటే తాను ఏ పోటీలో ఉన్నాడో కూడా అతనికి తెలియదు.

"రూల్ బుక్‌లో లేదు కదా సార్" అనే పిల్లలు ఉంటారు. ఇంగ్లండ్‌లో లీడ్స్ క్లబ్ 2019లో డెర్బీ జట్టు ప్రాక్టీసును చాటుగా చూడటానికి మనిషిని పంపింది. దాన్ని నేరుగా నిషేధించే నియమం అప్పటికి లేదు. అయినా సద్భావం తప్పారని 2 లక్షల పౌండ్ల జరిమానా వేశారు, నియమం తర్వాత రాశారు.

ఇక మన గ్రౌండ్ సంగతి. ఇక్కడ కెమెరాలు ఉన్నది పిల్లల దగ్గర కాదు, మన దగ్గర. ఎదుటి జట్టు వెనక కూర్చున్నవారికి వాళ్ల సెట్టర్ వేళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడి నుంచి తీసిన వీడియో సెట్‌కీ సెట్‌కీ మధ్య మన పిల్లలకు చూపిస్తే, పేట్రియాట్స్ మనిషి చేసిన పనికి దానికి పెద్ద తేడా లేదు. ఫోన్ లేకుండా "లెఫ్ట్, లెఫ్ట్!" అని అరిచే నాన్నగారి విషయంలో వాదించుకోవచ్చు. మా ఓటు వద్దనే. కనిపెట్టాల్సింది బాబు.

సెట్ అయ్యాక జట్లు కోర్టు మారతాయని గుర్తుంచుకోండి. మన జట్టు వెనక కూర్చున్నవారు రెండో సెట్‌లో ఎదుటి జట్టు వెనక ఉంటారు. వీడియోలు నిరభ్యంతరంగా తీసుకోండి, తాతయ్య నానమ్మలకు పంపండి. మ్యాచ్ అయ్యేదాకా జట్టుకు మాత్రం చూపించకండి.