నంద్యాల పిల్లలు, తొమ్మిది వేల ఇంగ్లీషు మాటలు

బ్యాంకు, రైల్వే ఉద్యోగాల కోచింగ్‌కు నంద్యాల పేరున్న ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో డిగ్రీ ముగించుకుని ఇక్కడికొచ్చి, ఇరుకు గదుల్లో అద్దెకుంటూ చదువుకునే యువతీయువకులు ఎందరో. లెక్కలు, రీజనింగ్ సాధనతో లొంగుతాయి. చాలామంది దగ్గర మొండికేసేది ఇంగ్లీషు. బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్ ప్రిలిమ్స్‌లో ఆ విభాగానికి ఇచ్చేది 20 నిమిషాలే. పేరాలో ఖాళీలు పూరించాలన్నా, చెల్లాచెదురైన వాక్యాలను వరుసలో పెట్టాలన్నా ముందు ఆ మాటలు తెలిసి ఉండాలి. అందుకే ఆ గదుల్లో పర్యాయపదాల జాబితాలు గోడలకెక్కుతాయి. రోజుకు వంద చొప్పున మూడు నెలల్లో ముగించాలని పట్టుదల.

ఆ పట్టుదల ముందు తల వంచాల్సిందే. కానీ జ్ఞాపకశక్తి పనిచేసే తీరు ఆ పట్టుదలకు ఎదురు తిరుగుతుంది. ఇరవై రెండేళ్ళ వయసులో మూడు నెలల్లో చేయాలని చూస్తున్న ఆ పని ఆరో తరగతిలో మొదలుపెడితే ఇంటర్ రెండో సంవత్సరం ముగిసేసరికి పెద్దగా నొప్పి తెలియకుండా పూర్తవుతుంది. ఎందుకో చెప్పే పరిశోధనలు నూట నలభై ఏళ్ళుగా పోగవుతున్నాయి.

మొదట లెక్క చూద్దాం. ఏ భాషలోనైనా కొద్ది మాటలే పదేపదే వస్తాయి, మిగతావన్నీ ఎప్పుడో ఒకసారి తొంగిచూస్తాయి. ఈ పోకడను గణితసూత్రంగా ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికన్ పండితుడు జార్జ్ జిఫ్. అప్పట్లో అవిభక్త బెంగాల్‌లోని ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడిపిన మైకేల్ వెస్ట్, భారతీయ పిల్లలకు ఇంగ్లీషు చదవడం ఎందుకు కష్టమవుతోందో దగ్గరుండి చూసినవాడు. ఆయన 1953లో సుమారు 2,000 అతి ముఖ్యమైన మాటల జాబితా ప్రచురించాడు. పాఠ్యపుస్తకాల తరహా రచనల్లో ప్రతి ఐదు మాటల్లో దాదాపు నాలుగు ఆ జాబితాలోనివే. 2000లో న్యూజిలాండ్‌కు చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ చదువుల భాషకు అవసరమైన 570 పద కుటుంబాలను ఏరి పెట్టింది. అవి ఇంకో పదో వంతును కప్పుతాయి. పద కుటుంబం అంటే డిసైడ్, డిసిషన్, డిసైసివ్ లాంటివన్నీ కలిపి ఒకటి.

అక్కడి నుంచి దారి నిటారుగా ఉంటుంది. నవలనో వార్తాపత్రికనో ఇంకొకరి సాయం లేకుండా చదవాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలని పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. ఇంటర్ దాటేలోపు ఉన్నత స్థాయి పదసంపద అంటే నా దృష్టిలో ఇదే గమ్యం. ఏడాదికి 250 రోజులు, రోజుకు ఐదు మాటలు, ఏడేళ్ళు. గుణిస్తే 8,750. అంకె భయపెట్టేది కాదు. అసలు చిక్కు నేర్చిన మాట నిలవడంలో ఉంది.

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షర గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత పోతోందో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మరుపు ఒకే వేగంతో జరగదు. మొదటి గంటల్లో కుప్పకూలినట్టు పోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఒక రోజు గడిచేసరికి ఆయన మొదట పడ్డ శ్రమలో మూడో వంతు ఫలితమే మిగిలింది. రోజుకు వంద మాటల వాడికి జరిగేదీ అదే. నిన్నటివి జారిపోతుంటే ఇవాళ్టివి పైన పోస్తుంటాడు.

మందు కూడా ఆయనే చూపాడు: మధ్యలో ఎడమిచ్చి తిరిగి చదవడం. ఈ సంగతిని ఒక కుటుంబం ఎంత ఓపికగా పరీక్షించిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికన్ మనోవైజ్ఞానికుడు హ్యారీ బాహ్రిక్ ఇంట్లో నలుగురు తలా 300 పరభాషా పదాలు నేర్చుకుంటూ, కొన్నింటిని 14 రోజులకోసారి, కొన్నింటిని 28 రోజులకోసారి, కొన్నింటిని 56 రోజులకోసారి తిరగేశారు. తర్వాత ఐదేళ్ళ వరకు తమను తాము పరీక్షించుకున్నారు. 1993లో ప్రకటించిన ఫలితం ఇది: 56 రోజుల ఎడంతో 13 సార్లు చదివితే, 14 రోజుల ఎడంతో 26 సార్లు చదివినంత నిలిచింది. సగం శ్రమ, అదే ఫలం. అయితే ఎడం ఎక్కువైనప్పుడు నేర్చుకునే దశలో కష్టంగా, వెనకబడ్డట్టుగా అనిపించింది. పిల్లలు ఈ పద్ధతిని మధ్యలో వదిలేసేది ఆ అనిపించడం వల్లే. పెద్దవాళ్ళు పక్కనుండి ధైర్యం చెప్పాల్సింది కూడా సరిగ్గా అక్కడే.

దీన్ని ఇంట్లో అమలు చేయడానికి జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ఒక అట్టపెట్టె చాలన్నాడు. పాత శుభలేఖలను చీటీలుగా కత్తిరించండి. ఒక వైపు ఇంగ్లీషు మాట, రెండో వైపు అర్థం, ఆ మాట ఉన్న చిన్న వాక్యం. పెట్టెలో అరలు చేసి, మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది మూడు వారాలకు తీయాలి. గుర్తొచ్చిన చీటీ పక్క అరలోకి జరుగుతుంది, గుర్తు రానిది మొదటి అరకు తిరిగొస్తుంది. చీటీ తిప్పకముందే జవాబు మనసులోంచి లాగాలి, అదే ఇందులో కీలకం. చూసి చదువుకోవడం కంటే చూడకుండా గుర్తుచేసుకోవడం జ్ఞాపకాన్ని ఎక్కువ బిగిస్తుందని 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు స్పష్టంగా చూపారు. చీటీ మీద రాసేముందు ఫోనులో ఆ మాట ఉచ్చారణ వినాలి. ఇంగ్లీషు స్పెల్లింగును నమ్ముకుంటే కంటికి తెలిసిన మాట చెవికి తెలియకుండా పోతుంది.

నిద్ర గురించి ఒక మాట చెప్పి తీరాలి. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయంలో డ్యుమే, గాస్కెల్ 2007లో చేసిన ప్రయోగంలో, కొత్తగా నేర్చిన మాటలు మెదడులోని పాత మాటలతో కలిసి పనిచేయడం ఒక నిద్ర గడిచాకే మొదలైంది. మేలుకునే ఉన్న పన్నెండు గంటలు ఆ పని చేయలేదు. రెసిడెన్షియల్ కాలేజీల్లో అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి, తెల్లవారకముందే లేపుతున్న పిల్లల దగ్గర మనం గుంజుకుంటున్నది ఈ నిద్రనే.

ఇక పర్యాయపదాల జాబితాలు. అబండంట్, ఆంపుల్, కోపియస్ లాగా అర్థంలో దగ్గరి సంబంధం ఉన్న కొత్త మాటలను ఒకేసారి పక్కపక్కన నేర్పితే అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని గందరగోళం చేస్తాయని 1990లలో టింక్‌హామ్, వేరింగ్ వేరువేరుగా చేసిన ప్రయోగాలు సూచించాయి. ఒక మాట కుదురుకున్నాక రెండోది నేర్పాలి. మరి మన వీధిబడుల్లో పిల్లలు అమరకోశం వల్లించలేదా అని అడగవచ్చు. అదీ పర్యాయపదాల పట్టికే, మూడు కాండలు, సుమారు 1,500 శ్లోకాలు. కానీ అక్కడ ప్రతి మాటనూ ఛందస్సు తన చోట కట్టిపడేసింది. ఏళ్ళ తరబడి వల్లె వేయించారు. ఆ వెంటనే కావ్యపాఠం మొదలై, నేర్చిన మాటలు వాక్యాల్లో ఎదురొచ్చాయి. గోడ మీది జాబితాకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

మాట వాక్యంలో ఎదురవ్వాలన్న విషయం ఆళ్ళగడ్డ నుంచి కడప వెళ్ళే దారిలోని వారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1820లో కడపకు వచ్చిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ పెద్దయ్యాకే తెలుగు నేర్చుకున్నాడు. సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని కావ్యాలు సేకరించి, 1852లో అచ్చయిన నిఘంటువులో మాటలకు కవుల ప్రయోగాలను జతచేశాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిటే గ్రంథాలయం ఉంది. పరాయి భాషలో పదసంపద ఎలా పోగుచేయాలో చూపిన మనిషి మన పక్క జిల్లాలోనే బతికాడు.

ఇంగ్లీషు బాగుపడాలంటే హిందూ పత్రిక సంపాదకీయం చదవమని సలహా ఇవ్వడం మన ఇళ్ళలో అలవాటు. ఎనిమిది వేల మాటలు వచ్చినవాళ్ళకు అది మంచి సలహా. రెండు వేల మాటలతో ఉన్న తొమ్మిదో తరగతి పిల్లకు మాత్రం అది శిక్ష. పేజీలో నూటికి ఎనభై మాటలే తెలిసినప్పుడు పాఠం ఒక్కరికీ సరిగా అర్థం కాలేదని, హాయిగా చదవాలంటే 98 తెలిసి ఉండాలని 2000లో హు, నేషన్‌ల పరిశీలన తేల్చింది. అంటే యాభై మాటలకు ఒక్కటే కొత్తది ఉండాలి. అందుకే స్థాయిల వారీ కథలతో మొదలుపెట్టాలి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో 2015 నుంచి అలాంటి కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి.

చదివినంత మాత్రాన ప్రతి మాటా అబ్బుతుందని కాదు. మామూలుగా చదువుకుపోతుంటే ఎదురైన కొత్త మాటల్లో నూటికి పదిహేను మాత్రమే పట్టుబడతాయని 1999లో స్వాన్‌బోర్న్, డె గ్లాపర్ అనేక ప్రయోగాలను కలిపి లెక్క తేల్చారు. ఈ పదిహేనును పెంచే ఉపాయం ఒకటుంది, అదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది: తెలిసిన విషయం గురించి చదవడం. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే అమెరికన్ పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత బేస్‌బాల్ ఆట వర్ణన చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని వాళ్ళ కంటే బాగా చెప్పగలిగారు.

నంద్యాల పొలాల్లో పెరిగిన పిల్లవాడి చేతికి కేసీ కెనాల్ చరిత్ర ఇంగ్లీషులో ఇచ్చి చూడండి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు మలుపుకుని కడప దాకా వచ్చే ఆ కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. అందులో పడవలూ నడిచాయి. 1882లో ప్రభుత్వం కొనేసింది. స్లూయిస్, ఎంబ్యాంక్‌మెంట్, నావిగేషన్, టెయిల్ ఎండ్ లాంటి మాటలు వచ్చినప్పుడు ఆ పిల్లవాడు డిక్షనరీ వెతకడు. తూము ఎక్కడ ఉందో, చివరి ఆయకట్టుకు నీళ్ళు ఎందుకు అందవో వాడికి ముందే తెలుసు. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలకు స్కూలు తరఫున వెళ్ళొచ్చిన పిల్లలకు లైమ్‌స్టోన్, ఎరోజన్, స్టాలక్టైట్ అన్నవి కళ్ళతో చూసిన వస్తువులు. రోళ్ళపాడు బట్టమేక పక్షి, నల్లమల పులులు, నల్లరేగడి నేల, శనగ పంట, ఒక్కో విషయం మీద నాలుగైదు వ్యాసాలు వరుసగా చదివితే అవే మాటలు తిరిగి తిరిగి తగులుతాయి, అట్టపెట్టె చేసే పని సగం అక్కడే జరిగిపోతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి తరగతుల వారీగా వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలను ఈ కోణంలోంచి చూడాలి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. మాధ్యమం ఏది కావాలన్న వాదం వేరు, దాన్ని ఇక్కడ ఎత్తను. తెలుగు పేజీ ముందు చదివి, విషయం బుర్రకెక్కాక ఇంగ్లీషు పేజీకి వెళ్ళే పిల్లకు తెలిసిన విషయం తెలియని మాటలను మోస్తుంది. ఇంత మంచి పనిముట్టు చేతిలో ఉన్నందుకు దాన్ని బాగా వాడుకోవాలి.

తెలుగు తరగతి కూడా ఇంగ్లీషుకు పెట్టుబడే. పదో తరగతి పిల్లలకు ఉపసర్గలు తెలుసు. హారం అనే దానికి ముందు ప్ర, ఆ, వి, సం, పరి చేరిస్తే ప్రహారం, ఆహారం, విహారం, సంహారం, పరిహారం. ఇంగ్లీషులో మోయడాన్ని సూచించే పోర్ట్‌కు ముందు ఇలాగే ఎక్స్, ఇం, ట్రాన్స్, డి చేరతాయి. సైన్సు పుస్తకంలోని థర్మో, హైడ్రో, ఫొటో లాంటి గ్రీకు ముక్కలు యాభై నేర్చుకుంటే వందల మాటలు సగం విప్పుకుంటాయి. దీనికి తోడు, మన రోజువారీ తెలుగులో ఇప్పటికే బోలెడన్ని ఇంగ్లీషు మాటలున్నాయి. జపాన్‌లో ఫ్రాంక్ డాల్టన్ 2008లో ప్రచురించిన పుస్తకం ప్రకారం, ఇంగ్లీషులో ఎక్కువగా వాడే 3,000 పద కుటుంబాల్లో దాదాపు సగానికి జపనీస్‌లో అరువు రూపాలున్నాయి. తెలుగుకు అలాంటి లెక్క ఎవరైనా శ్రద్ధగా కడితే మన టీచర్లకు గొప్ప మేలు జరుగుతుంది.

చదివి గుర్తుపట్టడం ఒక మెట్టు, అవసరమైన క్షణంలో నోటికి రావడం దాని పై మెట్టు. లాఫర్, హుల్‌స్టైన్ 2001లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మాట నాటుకోవడానికి మూడు కావాలి: ఆ మాట నిజంగా అవసరపడాలి, దాన్ని వెతుక్కోవాలి, దొరికిన వాటిలో ఏది నప్పుతుందో తూచాలి. ఆళ్ళగడ్డ శిల్పుల ఇళ్ళలో ఈ మూడూ సహజంగా కుదురుతాయి. అక్కడి విగ్రహాలు రాష్ట్రం దాటి వెళుతున్నాయి. ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒక విగ్రహం గురించి పది వాక్యాలు ఇంగ్లీషులో రాయాలనుకుందాం. ఉలికి చిజెల్, పీఠానికి పెడెస్టల్ వెతకాలి. నునుపు చేయడానికి స్మూత్ సరిపోతుందా పాలిష్ కావాలా తేల్చుకోవాలి. తాళమానాన్ని ప్రపోర్షన్ అంటే కొంతే వస్తుంది కనుక, నాన్న దగ్గర కూర్చుని ముఖం పొడవుతో శరీరం మొత్తాన్ని ఎలా కొలుస్తారో అడిగి, అది రెండు వాక్యాల్లో వివరించాలి. ఆ వారం ఆమె అట్టపెట్టెలో చేరే చీటీలు అవే.