గాయపడిన మెదడుకు ఊతమిచ్చే వృద్ధి కారకాలు

హైదరాబాదు: బహదూర్‌పురాలో మీరాలం చెరువును ఆనుకొని సుమారు 380 ఎకరాలలో విస్తరించియున్న నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న ప్రారంభమైనది. ఇరుకు బోనులకు బదులు కందకాలతో కూడిన ఆరుబయలు ఆవరణలలో జంతువులను ఉంచడం ఇక్కడి ప్రత్యేకత. ఇట్టి ఏర్పాటు సందర్శకుల కొరకేనని భావించుట పొరపాటు. పరిసరాలను బట్టి మెదడు సైతం మార్పు చెందునని ప్రయోగాలలో వెల్లడైనది.

1960 దశకంలో అమెరికాలోని బర్క్‌లీలో రోజెన్‌జ్వైగ్, మేరియన్ డైమండ్ తదితర శాస్త్రవేత్తలు కొన్ని ఎలుకలను ఆటవస్తువులు, తోటి ఎలుకల మధ్యను, మరికొన్నింటిని ఒంటరిగాను పెంచారు. మొదటివాటి మెదడు పైపొర మందంగా ఉన్నట్లు కనుగొన్నారు. చురుకుగా పనిచేయు నాడీకణాలు వృద్ధి కారకాలనే ప్రోటీన్లను విడుదల చేయుట ఇందుకు ఒక కారణమని తదుపరి పరిశోధనలు సూచించినవి. ఈ కోవలో తొలి పదార్థమైన నాడీ వృద్ధి కారకంపై కృషికి రీటా లెవీ-మోంటాల్చీనీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి లభించినది. మెదడుకు మరింత ముఖ్యమైన బి.డి.ఎన్.ఎఫ్. అనే కారకాన్ని 1982లో పంది మెదడు నుండి వేరుచేశారు. ఇది నాడీకణాలను బ్రతికించి, వాటి మధ్య సంధులను బలపరచును.

పక్షవాతం వచ్చినపుడు మరణించిన కణాలు తిరిగి రావు. అయితే గాయం అంచున మిగిలిన నాడీకణాలు, వాటికి ఆసరాగా ఉండు గ్లియా కణాలు వృద్ధి కారకాలను అధికంగా ఉత్పత్తి చేయును. అదే చోట ఎదుగుదలను అడ్డగించు పదార్థాలు కూడా వెలువడును. కావున గాయం వలన కలిగే స్పందన ఒక్కటే చాలదు, అవయవానికి పని కల్పించవలెను. పక్షవాతానికి గురిచేసిన ఎలుకలలో బి.డి.ఎన్.ఎఫ్. ఉత్పత్తిని అడ్డుకొనగా, శిక్షణ ఇచ్చినప్పటికీ ఫలితం దక్కలేదని 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపినది.

ఈ ప్రోటీను మాత్రగా మింగితే జీర్ణమైపోవును. సూదిమందుగా ఇచ్చినను రక్తం నుండి మెదడులోకి తగినంతగా చేరదు. మెదడును పెంచునని చెప్పి అమ్మే మందుల ప్రకటనలను ప్రచురించుటకు ముందు పాత్రికేయులు ఈ విషయాన్ని గమనించవలసియున్నది.

మూతి వంకరపోవుట, మాట తడబడుట, ఒకవైపు చేయి పడిపోవుట కనిపించిన వెంటనే రోగిని ఆసుపత్రికి చేర్చవలెను. రక్తపు గడ్డ వలన వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించు మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇచ్చెదరు. అటుపిమ్మట రోగిని నెలల తరబడి మంచానికే పరిమితం చేయుట అనేక కుటుంబాలలో ప్రేమతో జరుగుతున్న పొరపాటు. అట్లని తొందరపాటు కూడా తగదు. మొదటి 24 గంటలలోనే ఎక్కువగా లేపి నడిపించుట మేలు చేయలేదని 2015లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం పేర్కొన్నది. పరిస్థితి కుదుటపడిన పిదప వైద్యుల సలహాపై ఫిజియోథెరపీ ప్రారంభించి, గ్లాసు పట్టుకొనుట, గుండీ పెట్టుకొనుట వంటి పనులను బలహీనపడిన చేతితోనే ప్రతిదినం పలుమార్లు చేయించవలెను.