పలుకని పాటను పలికించుట

మా యత్తగారు చిన్ననాడు హార్మోనియముమీద సంగీతము నేర్చినవారు. ముసలితనమున ఆ పెట్టె తిత్తులు చినిగిపోగా, మా అబ్బాయి కీబోర్డు ముందు కూర్చుండి పొద్దుపుచ్చుచుండెడివారు. 2006వ సంవత్సరపు వేసవి సెలవులలో వాడు ఆ కీబోర్డును ఒక తీగతో కంప్యూటరునకు గలిపి, నాయనమ్మ వాయించిన మలహరి గీతమును, మోహనవర్ణమును, ఇంకను నాలుగైదు పాటలను అందులో పట్టి యుంచెను. తరువాత ఆమె గతించిరి. పిల్లవాడు కొలువునకై పరదేశము వెడలెను. మొన్న ఆబ్దికమునకు బంధువులందఱును మారేడుపల్లిలోని మా యింట జేరినపుడు మా యాడపడుచు, “వదినా, అమ్మ వాయించిన పాటలు నీ దగ్గఱ ఉన్నాయన్నావే, ఒక్కసారి వినిపించవూ?” అని యడిగినది.

వెదకితిని. పాటల పేర్లున్నవి; ప్రతి పేరునకును చివర ‘మిడ్’ అను తోక యున్నది. నొక్కితిని. తెఱమీద కాలమును జూపు గీత మెల్లగా కదలుచున్నది గాని చప్పుడు మాత్రము లేదు. మఱునాడు మరమ్మతు చేయువానిని పిలిపింపగా, ఫైళ్లు చెడిపోయినవనియు, కంప్యూటరు గూడ పాతబడినది గనుక క్రొత్తది కొనుట మేలనియు సలహా చెప్పి తన కూలి పుచ్చుకొని పోయెను. మా యాడపడుచు ముఖము చిన్నబోయినది.

ఆ ఫైళ్లు చెడలేదు. ఈ సంగతి తెలియక ఎన్ని యిండ్లలో ఇట్టి పాటలను పనికిరానివని చెరిపివేయుచున్నారో!

సోదరీమణులారా! మిడి ఫైలులో ధ్వని యుండదు. సంగీత పుస్తకములో స్వరములు వ్రాసి యుండును. పుస్తకమును చెవి కానించుకొన్న పాట వినబడునా? ఇదియు నట్టిదే. ఏ మెట్టు నొక్కబడినది, ఏ క్షణమున, ఎంత బలముతో, ఎప్పుడు వ్రేలెత్తిరి అను లెక్కలు మాత్రమే అందులో నుండును. బలమును 127 వఱకు అంకెలతో గుఱుతించును. ధ్వనినే పట్టి యుంచిన నిమిషమునకు పది మెగాబైట్ల చోటు కావలసి యుండగా, ఈ లెక్కలకు కొన్ని కిలోబైట్లు చాలును. మా యత్తగారి పాటలన్నియు జేరి ఒక చిన్న ఛాయాచిత్రమంత చోటైనను ఆక్రమింపలేదు.

ఈ యేర్పాటునకు ‘మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్’ అని పేరు. అందలి తొలి యక్షరములే మిడి. ఒక కంపెనీ వాద్యము మఱియొక కంపెనీ వాద్యముతో మాటలాడలేకుండుట చూచి, అమెరికాలో డేవ్ స్మిత్, జపానులో ఇకుతారో కాకెహాషి మొదలగువారు దీనికై పూనుకొనిరి. 1983 జనవరిలో కాలిఫోర్నియాలోని వాద్యప్రదర్శనమున ఇరువురి కంపెనీల వాద్యములను తీగతో గలిపి చూపిరి. ఒకదాని మెట్టు నొక్కగా రెండవది పలికెను! పోటీదారులు కలిసి ఒక లిపి నేర్పఱచుకొనుట వర్తకములో అరుదు. ఆ లిపి నేటికిని చెల్లుచున్నందుననే 2006 నాటి పాట మా యింట బ్రతికి యున్నది.

మఱి యేల పలుకలేదు? లెక్కను చదివి వాయించు వాద్యము లేకపోయినది. విండోసు కంప్యూటరులో ఒక చిన్న వాద్యబృందమును తయారుచేసినవారే అమర్చి యుంచుదురు. మా అబ్బాయి పోవుచు పాత యంత్రములో లినక్సు పెట్టిపోయెను. అందులో మనమే అమర్చుకొనవలెను. ఫోనులో వాడు చెప్పగా నేను చేసినది వ్రాయుచున్నాను.

మొదట ‘ఫ్లూయిడ్‌సింత్’ అను ప్రోగ్రామును తెచ్చుకొనవలెను. ఇది వాయించు చేయి. చేతికి వాద్యము కావలెను గదా. దానిని ‘సౌండ్‌ఫాంటు’ అందురు. నిజమైన వాద్యముల స్వరములను ఒక్కొక్కటిగా పట్టి మూట గట్టినది. ‘ఫ్లూయిడ్ ఆర్3’ అను మూట సుమారు 140 మెగాబైట్లు. యంత్రము మఱీ ముసలిదైనచో ‘టిమ్ జీఎమ్’ అను ఆఱు మెగాబైట్ల మూటయు గలదు. నాదము కొంత పలుచన, అంతే. పిమ్మట ‘డ్రమ్‌స్టిక్’ అను మిడి వాయించు ప్రోగ్రామును తెఱచి, దాని యమరికలలో ఫ్లూయిడ్‌సింతును, మూటను చూపితిని. ఇందెక్కడను రూపాయి వ్యయము లేదు. పార్కులేనులోని చెనాయ్ ట్రేడు సెంటరువఱకు పోవలసిన పనియు లేదు. ఇవన్నియు రహస్యము లేని ప్రోగ్రాములు. వంట వండిపెట్టుటయే గాక వంటవిధానమును గూడ వ్రాసి యిచ్చినట్లు, మూలమును అందఱకు తెఱచి యుంచుదురు. ఒకరు మానివేసినను మఱియొకరు కొనసాగింపవచ్చును. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థవారు ఇట్టి ప్రోగ్రాములనే తెలుగువారికి అలవాటు చేయుటకు పాటుపడుచున్నారు.

ఇక వాద్యముల మాట. 1991లో నిర్ణయించిన పట్టికలో 128 వాద్యములున్నవి. సితారు 105వది, షెహనాయి 112వది. వీణకు చోటు లేదు, మృదంగమునకు లేదు. హెలికాప్టరు మ్రోతకును, తుపాకి ప్రేలుడునకును మాత్రము చోటు దొరకినది! ఆ పట్టిక వేసినవారికి మన వీణ వినబడలేదు కాబోలు. నేను 21వదియగు రీడు ఆర్గనును ఎంచితిని. మా హార్మోనియమునకు అదియే దగ్గఱ చుట్టము.

గమకముల విషయమున ఆశ పెట్టుకొనరాదు. మెట్టుకును మెట్టుకును నడుమ స్వరమును జాఱించుటకు మిడిలో ఉపాయము లేకపోలేదు. 16,384 సూక్ష్మభాగములుగా వంపవచ్చును. కాని ఆ వంపును ఒకరు ఓపికతో వ్రాయవలెను. మెట్ల పలక నొక్కినంతనే రాదు. ఈ లోపముచేతనే గదా ఆలిండియా రేడియోవారు 1940 మొదలు 1971 వఱకు హార్మోనియమును వెలివేసిరి. కావున ఇంటర్నెట్టులో దొరకు మిడి కీర్తనలను విని పిల్లలు రాగము నేర్వగలరని తలపకుడు. రాగమునకు గురుముఖమే శరణ్యము. సికిందరాబాదులోనే భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల యున్నది. సరళులకు, జంటస్వరములకు, తాళము తప్పకుండ సాధన చేయుటకు మాత్రము ఇది మంచి తోడు. స్వరము మాఱకుండ వేగమును సగమునకు దింపవచ్చును. పాప గొంతునకు తగినట్లు శ్రుతిని ఎక్కింపవచ్చును, దింపవచ్చును. గ్రామఫోను రికార్డును మెల్లగా త్రిప్పినచో ఏమగునో పెద్దవారెఱుగుదురు!

ఒక జాగ్రత్త. ఇట్టి ఫైళ్లను రెండు చోట్ల దాచుకొనుడు. ఫ్లూయిడ్‌సింతుచేతనే ధ్వనిరూపమున గూడ ఒక ప్రతి తీయించినచో ఫోనులోను వినవచ్చును; మా యాడపడుచున కట్లే పంపితిని.

అమర్చిన సాయంకాలము అందఱమును కూర్చుండి వింటిమి. మా మఱది కూతురు కంప్యూటరు చదువుచున్నది. నాయనమ్మ తాళము అక్కడక్కడ తప్పినదనియు, అంకెలే గనుక నిమిషములో సరిచేసి యిత్తుననియు చెప్పినది. అది నిజమే, అట్టి ప్రోగ్రాములును ఉచితముగనే దొరకును. మా యాడపడుచు అంగీకరింపలేదు. ఆ తప్పటడుగులే అమ్మవనియు, అంగడిలో దొరకు మోహనవర్ణములు వేయి యున్నవనియు అనినది. నేనును ఆమె పక్షమే.

ఆ వర్ణములో ఒకచోట వాద్యము ఆగిపోవును. ఫైలు మఱల చెడినదేమో యని అందఱును నా వంక చూచిరి. కాదు. ఆనాడు పొయ్యిమీద పాలు పొంగుచున్నవని ఆమె వంటింటి వంక తిరిగి నన్ను కేక వేసిరి. ఆ కంఠము ఫైలులో లేదు, ఉండుటకును వీలులేదు. పదునొకండు సెకనుల నిశ్శబ్దము, దాని వెనుక మునుపటికంటె కొంచెము గట్టిగా నొక్కిన మొదటి స్వరము మాత్రము ఉన్నవి.