మంచి గింజ కనపడని మిషన్

తాడేపల్లిగూడెం మిల్లు చూపించడానికి తీసుకెళ్ళిన పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది: "మాస్టారూ, గింజ కింద పడేలోగా అది నల్లదో తెల్లదో మిషను ఎలా కనిపెడుతుందండీ?" బియ్యంలో నల్ల గింజలు ఏరే ఈ సార్టెక్స్ మిషను గురించి ఇంతకన్నా మంచి ప్రశ్న నేను వినలేదు.

హాపర్ కింద ట్రే వణుకుతూ ఉంటుంది. దాని మీంచి బియ్యం వాలుగా ఉన్న చ్యూట్‌లో ఒకే పొరగా జారతాయి. అంచు దాటి గాల్లో పడుతుండగా ముందు నుంచీ వెనక నుంచీ కెమెరాలు చూస్తాయి. అసలు తెలివంతా గింజ వెనకున్న పలకలో ఉంది. ఆ పలక వెలుగును సరిగ్గా మంచి బియ్యపు తెలుపుకు సరిపెడతారు. మంచి గింజ అడ్డొచ్చినా సెన్సర్‌కు చేరే వెలుతురు మారదు, అంటే మిషను లెక్కలో అక్కడ ఏమీ లేనట్టే. లావు రకమైనా సన్న రకమైనా ఒకటే. నల్ల గింజ వస్తే మాత్రం వెలుతురు చటుక్కున తగ్గుతుంది. కెమెరాలు రాకముందు, ఫోటోసెల్ రోజుల్లోనే పుట్టిన ఉపాయమిది. నాకిది ఎప్పటికీ ముద్దే.

సెకనుకు మూడు మీటర్ల వేగంతో పడే గింజ మూడు సెంటీమీటర్లు దిగడానికి సెకనులో నూరో వంతు పడుతుంది. ఆలోపే కింద నాజిల్ తెరుచుకుని, కంప్రెసర్ గాలి ఆ గింజను పక్కకి ఊదేస్తుంది. పక్కనున్న మంచి గింజలూ కొన్ని దాంతోపాటే ఎగిరిపోతాయి. అందుకే రిజెక్షన్‌ను మళ్ళీ పట్టిస్తారు. రాళ్ళు తీసే పని దీనిది కాదు, దానికి డీస్టోనర్ వేరే ఉంది.

సార్టెక్స్ కంపెనీ 1947లో లండన్‌లో మొదలైంది. 2021లో మన రాష్ట్రంలో ఇంటింటికీ రేషన్ బండ్లు తెచ్చినవీ సార్టెక్స్ పట్టిన బియ్యమే.

ఒకప్పుడు ఈ ఏరే పని ఆడకూలీలది. చాటలో పోసుకుని, వేలితో నెట్టుకుంటూ నల్ల గింజలు తీసేవారు. గంటకు టన్నుల లెక్కన ఏరే మిషనుతో ఏ చెయ్యీ పోటీపడలేదు, మధ్యాహ్నానికి కన్ను అలిసిపోతుంది కూడా. 1958 నాటి రైస్ మిల్లుల చట్టం, కొత్త మిల్లుకు పర్మిట్ ఇచ్చేముందు చుట్టుపక్కల ఎందరికి పని పోతుందో చూడమంది. 1997లో ఆ చట్టం రద్దయింది. ఆ ప్రశ్న మాత్రం రద్దు కాకూడనిదని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే ఈ మిషనుకూ మనిషి కావాలి. తుఫానుకు తడిసి రంగు మారిన ధాన్యం ఆడించినప్పుడు, ప్యానెల్ దగ్గర సెట్టింగ్ బిగిస్తే మంచి బియ్యం రిజెక్షన్‌లోకి పోతాయి, వదులు చేస్తే నల్ల గింజ బస్తాలోకి వస్తుంది. ఎక్కడ ఆపాలో తేల్చాల్సింది బియ్యం తెలిసిన కన్ను. ఆ కన్ను ఏళ్ళ తరబడి ఏరిన ఆడవాళ్ళకుంది. ఏలూరు, గూడెం మిల్లు యజమానులకు నా మనవి: ఆపరేటర్‌ను బయట వెతికే ముందు వాళ్ళలో ఇద్దరికి ఆ ప్యానెల్ నేర్పించండి.